తెనాలి నుంచి డాలస్‌కి 180 కిలోల తెలుగు పుస్తకాలు: తక్కువ ఖర్చులో పంపే దారి చెప్పండి

ఫ్రిస్కో_తెనాలి
అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, పోయినేడాది కాలం చేశారు. తెనాలిలో ఇల్లు అమ్మేస్తున్నాం. అమ్మ హైదరాబాద్‌లో చెల్లి దగ్గరికి వెళ్తోంది, వాళ్ళది రెండు పడగ్గదుల ఫ్లాట్, ఇన్ని పుస్తకాలు పెట్టే చోటు అక్కడ లేదు. నిఘంటువు సంపుటాలు, వ్యాఖ్యానాలతో ఉన్న భారత భాగవతాలు, కావ్యాలు, వ్యాకరణాలు, నాన్నగారు బైండు చేయించి దాచుకున్న పాత పత్రికలు. చెల్లి కట్టలు కట్టి బరువు చూసే మిషన్ మీద పెడితే మొత్తం 180 కిలోల దాకా తేలింది. పచ్చళ్ళు, స్వీట్లు పంపే కొరియర్ వాళ్ళని అడిగితే కిలోకి 620 చెప్పారు, అంటే లక్షా పదకొండు వేల పైమాటే. ఇల్లు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఓడ మీద పంపే దారి ఏమైనా ఉందా? పోస్టాఫీసులో పుస్తకాలకి వేరే రేటు ఉండేదని నాన్నగారు అంటుండేవారు, అది ఇప్పటికీ ఉందా? తెలిసినవాళ్ళు చెప్పి పుణ్యం కట్టుకోండి.

గోదారి_గట్టు
ముందు రేట్లు కాదు, పుస్తకాలు చూడండి. 180 కిలోల్లో సగమన్నా ఈరోజుకీ అచ్చులో ఉండి దొరికేవే అయ్యుంటాయి. టీటీడీ వాళ్ళు వేసినవి, సాహిత్య అకాడమీ వాళ్ళవి, ఎమెస్కో, విశాలాంధ్ర వాళ్ళవి మళ్ళీ కొనుక్కోవచ్చు. కిలోకి ఆరొందలు పోసి పంపే బదులు అదే పుస్తకం కొత్త కాపీ తక్కువలో వచ్చే సందర్భాలు బోలెడు. నాన్నగారి చేతిరాత ఉన్నవి, అచ్చులో లేనివి, మీరు నిజంగా చదవబోయేవి ఒక పక్కకి తియ్యండి. లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఫ్రిస్కో_తెనాలి
నిజమే అండీ. కానీ చేతిరాత అంటే దాదాపు అన్నిట్లోనూ ఉంది. నిఘంటువులో అయితే ప్రతి పేజీ మార్జిన్లోనూ పెన్సిల్‌తో సన్నగా ఏ కావ్యంలో ఏ పద్యంలో ఆ మాట వాడారో రాసుకున్నారు, పక్కన తేదీ కూడా వేశారు. ఏది వదలాలో చెల్లికీ నాకూ తెలియడం లేదు.

కార్గో_చెన్నై
నేను చెన్నైలో ఫ్రైట్ ఫార్వార్డింగ్‌లో, అంటే జనం సరుకు ఓడల మీద పంపే ఏర్పాట్లు చేసే కంపెనీలో పని చేస్తాను కాబట్టి ఓడ సంగతి నేను చెప్తాను. మీ ఒక్కరి కోసం కంటైనర్ అక్కర్లేదు, పదిమంది సరుకు కలిపి ఒక కంటైనర్‌లో వేసే పద్ధతి ఉంది, దాన్ని ఎల్‌సీఎల్ అంటాం. రేటు సీబీఎం లెక్కన, అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు. లేదా టన్ను బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. పుస్తకాలు బరువు ఎక్కువ, చోటు తక్కువ. మీ 180 కిలోలు పెట్టెలతో సహా అర సీబీఎం కూడా రావు. కానీ చాలామంది ఫార్వార్డర్లు కనీసం ఒక సీబీఎంకి చార్జి వేస్తారు. కాబట్టి మీరు 180 పంపినా 450 పంపినా సముద్రపు చార్జీ ఇంచుమించు అంతే.

ఇంక అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఇండియాలో చెప్పే రేటు విని అబ్బ ఎంత చవకో అనుకుంటారు, అది పోర్టు దాకానే. అటువైపు గోడౌన్ వాళ్ళ చార్జీ, కాగితాల చార్జీ, కస్టమ్స్ బ్రోకర్ ఫీజు, హ్యూస్టన్ పోర్టు నుంచి మీ ఇంటికి ట్రక్కు, ఇవన్నీ విడివిడిగా వస్తాయి, చాలాసార్లు సముద్రపు చార్జీ కన్నా ఇవే ఎక్కువ. అందుకని ఫోన్‌లో రేటు అడగొద్దు, "ఇంటి నుంచి ఇంటికి, అమెరికా వైపు చార్జీలన్నీ కలిపి" అని ఈమెయిల్‌లో రాయించుకోండి. ఇంకోటి, సరుకు ఓడ ఎక్కడానికి 24 గంటల ముందే అమెరికా కస్టమ్స్‌కి ఐఎస్‌ఎఫ్ అనే సమాచారం వెళ్ళాలి, వెళ్ళకపోతే జరిమానా 5000 డాలర్ల దాకా వేసే అధికారం వాళ్ళకుంది. ఆ పని ఎవరు చేస్తారో ముందే ఖాయం చేసుకోండి. టైము రెండు నెలలు అనుకోండి, మూడు అయినా కంగారు పడొద్దు.

ఫ్రిస్కో_తెనాలి
చాలా థ్యాంక్స్ అన్నా. మరి 180 కిలోలకి ఓడ దండగా?

కార్గో_చెన్నై
ఒక్కరికైతే లాభం తక్కువ. ఇద్దరు ముగ్గురు కలిస్తే బాగా గిట్టుబాటు. పుస్తకాలకి అమెరికాలో కస్టమ్స్ సుంకం లేదు, అచ్చు పుస్తకాల హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ వాళ్ళు సరుకు రకానికి వేసే నంబరు) 4901, చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలైతే 4903. వాడిన సొంత వస్తువులకి 3299 అనే ఫారం ఉంటుంది, బ్రోకర్‌కి తెలుస్తుంది. పెట్టెల కింద ప్యాలెట్, అంటే చెక్క పీట వేస్తే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే పురుగు చచ్చేలా వేడి చేసిన చెక్క అని. ముద్ర లేని చెక్క అయితే పోర్టులోనే ఆపేస్తారు. ఊళ్ళో వడ్రంగి చేత చెక్కపెట్టెలు చేయించకండి, బరువు పెరుగుతుంది, ఈ తలనొప్పి కూడా.

రిటైర్డ్_తపాలా
నేను తపాలా శాఖలో పనిచేసి విరమించాను. మీ నాన్నగారు చెప్పింది కరెక్టే బాబూ. ప్రపంచ తపాలా సంఘం నియమాల్లోనే అచ్చు పుస్తకాలకి ప్రత్యేకమైన వెసులుబాట్లు ఉన్నాయి. ఆ నియమాల్లో మామూలు చిన్న ప్యాకెట్‌కి పరిమితి 2 కిలోలు, పుస్తకాల ప్యాకెట్‌కి 5 కిలోలు. అదికాక ఎం బ్యాగ్ అని ఉంది, మన దగ్గర బల్క్ బ్యాగ్ అనేవాళ్ళం, ఒకే చిరునామాకి వెళ్ళే పుస్తకాలు, పత్రికలు ఒక సంచిలో కట్టి 30 కిలోల దాకా పంపడం. చిన్న పోస్టాఫీసులో అడిగితే కౌంటర్లో ఉన్న పిల్లలకి ఆ పేరే తెలియకపోవచ్చు, వాళ్ళ తప్పు కాదు, ఎవరూ అడగరు. గుంటూరు హెడ్ పోస్టాఫీసుకో, మీ చెల్లెలిగారు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అబిడ్స్ జనరల్ పోస్టాఫీసుకో వెళ్ళి అమెరికాకి ప్రస్తుతం తీసుకుంటున్నారా అని అడగమనండి. ఉంటే మంచిదే, దాన్నే నమ్ముకుని రెండు నెలలు కూర్చోవద్దు.

పార్సిల్‌గా పంపాలంటే మామూలు పరిమితి 20 కిలోలు. పుస్తకాలని చిన్న చిన్న పొట్లాలుగా చెయ్యడం కన్నా పెద్ద పార్సిల్‌లో కిలోకి తక్కువ పడుతుంది, ఎందుకంటే మొదటి శ్లాబే ఖరీదు, తర్వాత కలిసే బరువుకి తక్కువ పడుతుంది. ఇండియా పోస్ట్ సైట్‌లో చార్జీలు లెక్కవేసే పేజీలో 5, 10, 20 కిలోలు కొట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

అమెరికా విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. 2025 ఆగస్టులో అమెరికా 800 డాలర్ల లోపు వస్తువులకి ఉన్న మినహాయింపు తీసేసినప్పుడు మన తపాలా కొన్నాళ్ళు అటు బుకింగ్ ఆపేసింది, అక్టోబర్ 15 నుంచి మళ్ళీ మొదలుపెట్టింది, కట్టాల్సిన సుంకం ఏదైనా ఉంటే ఇక్కడ బుకింగ్‌లోనే కట్టించుకునే పద్ధతిలో. ఆ అదనపు సుంకాల ఉత్తర్వుల్లో పుస్తకాలకి, అచ్చు సమాచారానికి మినహాయింపు ఇచ్చారు. కస్టమ్స్ ఫారంలో "బుక్స్" అని ఒక్క ముక్క రాసి వదలకండి, "పాత అచ్చు తెలుగు పుస్తకాలు, సొంత వాడకానికి" అని ఇంగ్లీషులో రాసి కోడ్ 4901 వెయ్యండి. ఈ సుంకాల వ్యవహారం తరచూ మారుతోంది, బుక్ చేసే రోజు మళ్ళీ అడగండి. ఆధార్ కాపీ తీసుకెళ్ళడం మర్చిపోవద్దు.

కూకట్‌పల్లి_కిరణ్
సార్, జ్ఞాన్ పోస్ట్ అని కొత్తగా వచ్చింది కదా, 5 కిలోలకి వంద రూపాయలే అని చదివాను, అందులో పంపొచ్చా?

రిటైర్డ్_తపాలా
అది దేశం లోపలికే బాబూ. 2025 మే 1 నుంచి వచ్చింది, చదువు, సంస్కృతి, మతం లాంటి వాటికి సంబంధించిన పుస్తకాలకి. 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. విదేశాలకి పనికిరాదు. కానీ తెనాలి నుంచి హైదరాబాద్ చెల్లెలిగారి ఇంటికి కొన్ని పుస్తకాలు చేర్చాలంటే అడిగి చూడొచ్చు, ఏ పుస్తకాలకి వర్తిస్తుందో కౌంటర్లో చూసి చెప్తారు.

కొలంబస్_అక్క
తమ్ముడూ, అందరూ ఓడలు, పోస్టులు చెప్తున్నారు కానీ అన్నిటికన్నా చవక విమానంలో మనుషులతో వచ్చే సామానే. మా ఇంట్లో పుస్తకాలన్నీ అట్లా వచ్చినవే. అమెరికా టికెట్‌కి చాలా ఎయిర్‌లైన్స్ రెండు బ్యాగులు ఇస్తాయి, ఒక్కోటి 23 కిలోలు. (ఇప్పుడు చవక టికెట్లకి ఒక్క బ్యాగే ఇచ్చేవి కూడా ఉన్నాయి, కొనేముందు చూసుకోండి.) సూట్‌కేసే నాలుగైదు కిలోలు తూగుతుంది. దాని బదులు గట్టి అట్టపెట్టె వాడితే కిలో లోపే, అంటే పెట్టెకి మూడు నాలుగు కిలోల పుస్తకాలు అదనంగా వస్తాయి. గట్టిగా మూసి, పేరు అన్ని పక్కలా రాసి ఇస్తే చెక్‌ఇన్‌లో మామూలుగా తీసుకుంటారు.

అదనపు బ్యాగు కావాలంటే ఎయిర్‌పోర్ట్‌లో కాదు, ఎయిర్‌లైన్ సైట్‌లో ముందే కొనండి, ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ ధరని 23తో భాగించి కొరియర్ వాళ్ళ కిలో రేటుతో పోల్చండి.

పెద్దవాళ్ళతో పంపేటప్పుడు ఇంకో సంగతి చూడాలి. అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే బ్యాగులన్నీ తీసుకుని కస్టమ్స్ దాటి మళ్ళీ అప్పగించాలి. మీ అమ్మగారు షికాగోలోనో న్యూయార్క్‌లోనో దిగి డాలస్ ఫ్లైట్ ఎక్కాలంటే ఆ 23 కిలోల పెట్టెలు బెల్టు మీంచి లాగాల్సింది ఆవిడే. దోహా, దుబాయ్‌ల నుంచి నేరుగా డాలస్ వచ్చే ఫ్లైట్లు ఉన్నాయి కదా, అవి తీసుకుంటే పెట్టెలు దించడానికి బయట మీరు ఉంటారు, లోపల పోర్టర్ సాయం అడగొచ్చు. దయచేసి ఆవిడ చేతి సంచిలో మాత్రం పుస్తకాలు పెట్టొద్దు.

పుస్తకాలు ఎక్స్‌రేలో దట్టంగా దిమ్మలా కనిపిస్తాయి, పెట్టె తెరిచి చూసే అవకాశం ఎక్కువ. అందుకే టేపు ముప్పై చుట్లు చుట్టకండి, వాళ్ళు కోసేసి సరిగ్గా మళ్ళీ మూయరు. లోపల పుస్తకాలని పారదర్శకంగా ఉండే కవర్లలో పెడితే తీసి చూసి అట్లాగే పెట్టేస్తారు.

కూకట్‌పల్లి_కిరణ్
అక్కా సూపర్. కొరియర్ గురించి నాదొక మాట. వాళ్ళు అసలు బరువు, పెట్టె సైజు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బులు తీసుకుంటారు. సెంటీమీటర్లలో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగించాలి. 40, 30, 30 పెట్టె అయితే 7.2 కిలోలు, కానీ అందులో పుస్తకాలు నింపితే 18 కిలోల పైనే. దుప్పట్లు, బట్టలు పంపే వాళ్ళకి దీనికి తిరగబడి ఉంటుంది, పెద్ద పెట్టె, బరువు లేదు, అయినా సైజుకి కడతారు. అలాంటి వాళ్ళ పెట్టెలో అడుగున పది కిలోల పుస్తకాలు పెడితే వాళ్ళకి పైసా పెరగదు. మా కాలనీలో డాలస్‌కి పిల్లల బట్టలు, బొమ్మలు పంపే వాళ్ళతో నేనిలాగే సర్దుకుంటాను, ఖర్చు చెరిసగం.

వీఆర్‌కే_ప్లేనో
ఇంత శ్రమ ఎందుకండీ. స్కాన్ చేయించుకుని పీడీఎఫ్‌లు తెచ్చుకోండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. కాగితం మోసుకురావడం ఈ కాలంలో అవసరమా?

గోదారి_గట్టు
సగం ఒప్పుకుంటాను. పాత కావ్యాలు, వ్యాకరణాలు అక్కడ ఉన్నాయేమో ముందు వెతకడం మంచిదే, ఉంటే ఆ కాపీ పంపక్కర్లేదు. కానీ ఆ స్కాన్లలో పేజీలు లేనివి, వంకరగా వచ్చినవి, అక్షరం కనపడనివి చాలా ఉన్నాయి. ఆయన పెన్సిల్‌తో రాసుకున్న నిఘంటువు ఇంకెక్కడా దొరకదు. అది స్కాన్ చేయించండి, పుస్తకం కూడా తెచ్చుకోండి, రెండూ.

ఫ్రిస్కో_తెనాలి
వీఆర్‌కే గారూ, మీరు చెప్పింది అర్థమైంది, కానీ మా పిల్లలు తాతగారి పుస్తకం చేత్తో పట్టుకుని చూడాలని నా కోరిక. చెల్లి ఈ వారం ఆర్కైవ్‌లో ఉన్నవి టిక్కు పెడుతోంది.

ఇంకో ప్రశ్న. ఒక ట్రంకు పెట్టెలో తాళపత్రాలు రెండు కట్టలు, చేత్తో రాసిన ఒక లావు పుస్తకం కనిపించాయి, తాతముత్తాతల నాటివి. ఇవి సూట్‌కేసులో పెట్టుకుని రావచ్చా?

వేటపాలెం_పాఠకుడు
వద్దు! వాటిని బ్యాగులో పెట్టకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన రాతప్రతి, అందులో సాహిత్యపరంగానో చారిత్రకంగానో విలువ ఉన్నది పురావస్తువు కిందికి వస్తుంది, దేశం దాటించడం నేరం. తెలియక పట్టుకెళ్ళానంటే కస్టమ్స్ వాళ్ళు వినరు. అచ్చు పుస్తకాలు చాలా పాతవి ఉన్నా పంపేముందు ఒక మాట పురావస్తు శాఖ వాళ్ళని అడగడం మేలు.

తాళపత్రాలు ఇంట్లో ఉంటే పురుగు తినేస్తుంది. హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్‌లో ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది, వాళ్ళ పనే ఇది. ముందు ఫోటోలు తీసి అవి ఏ గ్రంథమో తెలుసుకోండి, తర్వాత ఇచ్చే సంగతి ఆలోచించండి.

మీరు తీసుకెళ్ళని అచ్చు పుస్తకాల గురించి కూడా చెప్తాను. పాత కాగితాల వాడికి మాత్రం వెయ్యకండి. మా వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం ఉంది, పాత పత్రికల కోసం పరిశోధన చేసే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ముందు జాబితా రాసి పంపండి, వాళ్ళ దగ్గర లేనివి ఏవో వాళ్ళే చెప్తారు. చెప్పకుండా ఆటోలో మూటలు దించితే ఏ లైబ్రరీకైనా ఇబ్బందే. బైండు పత్రికల్లో ఒక ఏడాది సంచికలన్నీ ఉంటే వాటిని విడదీయకుండా ఇవ్వండి.

మ్యూనిక్_మాధవి
యూరప్‌లో ఉన్నవాళ్ళ కోసం: జర్మనీలో పుస్తకాల మీద 7 శాతం వ్యాట్ పడుతుంది, బహుమతిగా 45 యూరోల లోపు వస్తే పడదు. బ్రిటన్‌లో అచ్చు పుస్తకాలకి వ్యాట్ సున్నా. పాత పుస్తకాలకి కొత్త ధర రాయకండి, నిజంగా పాతవి ఎంతకి అమ్ముడవుతాయో అది రాయండి. అలాగని సున్నా కూడా రాయొద్దు, పెట్టె ఆగిపోయేది అప్పుడే.

బెజవాడ_బైండర్
మాది విజయవాడలో బైండింగ్ షాపు. ప్యాకింగ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, పుస్తకం పాడయ్యేది అక్కడే.

పెట్టె ఐదు పొరల అట్టది తీసుకోండి, ఓడకైతే ఏడు పొరలది. మార్కెట్‌లో వాడేసిన పండ్ల పెట్టెలు వద్దు, తడి ఉంటుంది, పురుగు ఉంటుంది. ఒక్కో పెట్టె 15 కిలోలు దాటనివ్వకండి, అంతకు మించితే మోసేవాడు దించడు, పడేస్తాడు. పెట్టెలో పుస్తకాలు పడుకోబెట్టండి, పెద్దవి అడుగున. నిలబెట్టాల్సి వస్తే వెన్ను కిందికి ఉండాలి, వెన్ను పైకి పెడితే లోపలి కాగితాల బరువుకి కుట్టు ఊడి అట్ట చేతికొస్తుంది. ఖాళీ ఉంటే పాత బట్టలు కుక్కండి, చెయ్యి ఊపితే లోపల కదలకూడదు. ఎండుగడ్డి మాత్రం వాడొద్దు, అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు ఒప్పుకోరు.

ముందు పుస్తకాలు నీడలో గాలికి ఆరబెట్టండి, ఎండలో కాదు, అట్ట వంకర పోతుంది. ఒక్కో పేజీ కట్ట వేళ్ళతో రాల్చి చూడండి, వెండి పురుగుల్లాంటివి వెన్ను దగ్గర జిగురు ఉన్న చోట దాక్కుంటాయి. పురుగు పట్టిన పుస్తకం ఒక్కటి పెట్టెలోకి వెళ్తే పక్కవి కూడా పాడవ్వొచ్చు. ఓడలో కంటైనర్ లోపల రాత్రి చల్లబడి పైకప్పు నుంచి నీటి బొట్లు పడతాయి, కాబట్టి పెట్టె లోపల మందపాటి పాలిథిన్ సంచి వేసి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి మూతి కట్టండి. అప్పుడప్పుడే తుడిచిన తడి అట్టతో ఉన్న పుస్తకం మాత్రం ఆ సంచిలో పెట్టకండి, బూజు పడుతుంది.

పాత కాగితం విరుగుతోంటే దాన్ని టేపుతో అతికించకండి. పలచటి కాగితంలో చుట్టి రెండు అట్టముక్కల మధ్య పెట్టి నూలు టేపు కట్టి పంపండి, తర్వాత బాగు చేయించుకోవచ్చు.

ఫ్రిస్కో_తెనాలి
బైండర్ గారూ మీకు చాలా రుణపడి ఉంటాను, ఇది చెల్లికి ఫోన్‌లో చదివి వినిపించాను. వెన్ను పైకి పెట్టి కట్టిన పెట్టెలు అప్పుడే తెరిపించింది.

ఇప్పటికి మా ఆలోచన ఇది. నిఘంటువు, అచ్చులో లేనివి కలిపి సుమారు 70 కిలోలు. అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు దోహా నుంచి నేరుగా డాలస్ టికెట్, రెండు పెట్టెలు ఆవిడతో. మిగతా 25 కిలోలకి అబిడ్స్‌లో బల్క్ బ్యాగ్ అడుగుతాం, లేదంటే మామూలు పార్సిల్. బైండు పత్రికలు వేటపాలెం వాళ్ళకి జాబితా పంపాం. దొరికే పుస్తకాలు చెల్లి ఫ్లాట్‌లో ఒక బీరువా మేరకు ఉంచి, మిగిలినవి తెనాలిలో నాన్నగారి శిష్యులు తీసుకుంటామన్నారు. కార్గో అన్నా, మీరు చెప్పినట్టు ఇక్కడ ఇంకెవరన్నా కలిస్తే ఓడ కూడా చూస్తాను.

కొలంబస్_అక్క
మంచి పని చేశావు తమ్ముడూ. ఇంకోటి చెప్పడం మర్చిపోయాను. నీ పుస్తకాలు డాలస్ వచ్చే వాళ్ళతోనే రావాలని లేదు. న్యూజెర్సీకి, షికాగోకి, సియాటిల్‌కి ఎవరు వస్తున్నా ఇవ్వొచ్చు. ఇక్కడ అమెరికా తపాలా యూఎస్‌పీఎస్‌లో మీడియా మెయిల్ అని పుస్తకాల రేటు ఉంది, దూరంతో పని లేదు, బరువుకే చార్జి, పెట్టె 70 పౌండ్ల దాకా ఒప్పుకుంటారు. మామూలు పార్సిల్ కన్నా చాలా తక్కువ. పుస్తకాలు తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఒక ఊరగాయ ప్యాకెట్ దొరికినా మొత్తానికి మామూలు రేటు వేస్తారు. నిదానంగా వస్తుంది అంతే.

హ్యూస్టన్_పద్యం
ఆలస్యంగా చూశాను. మా మామగారి పుస్తకాలు గుంటూరులో సుమారు 200 కిలోలు అలాగే ఉన్నాయి, నేనూ ఇదే టెన్షన్‌లో ఉన్నాను. తెనాలి గుంటూరు పక్కపక్కనే, మనిద్దరివీ కలిపితే ఒక సీబీఎం లోపలే పడతాయి. మీరు మనుషులతో తేలేనివి ఏమైనా ఉంటే నా పెట్టెలతో కలపండి. పోర్టు హ్యూస్టనే కాబట్టి గోడౌన్ నుంచి నా వ్యాన్‌లో నేనే తెచ్చుకుంటాను, అటువైపు ట్రక్కు ఖర్చు మిగులుతుంది. డాలస్‌కి ఎవరన్నా వస్తూ పోతూనే ఉంటారు.

కార్గో_చెన్నై
ఇది కుదిరితే చాలా బాగుంటుంది. ఒకటే మాట, బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ సరుకు రసీదు, ఒకరి పేరు మీదే ఉండాలి, అది హ్యూస్టన్ వారిదైతే మంచిది. ప్రతి పెట్టె మీదా నంబరు వేసి, ఏ నంబరులో ఎవరి ఏ పుస్తకాలు ఉన్నాయో జాబితా ఇంగ్లీషులో రెండు కాపీలు, ఒకటి పెట్టెలో, ఒకటి ఈమెయిల్‌లో. గోడౌన్‌లో సరుకు తీసుకోవడానికి కొన్ని రోజులే ఉచితం, తర్వాత రోజుకింత అని అద్దె పడుతుంది, కాబట్టి ఓడ చేరే వారంలో హ్యూస్టన్ వారు ఊళ్ళోనే ఉండేలా చూసుకోండి. పెట్టెల కొలతలు, బరువులు నాకు మెసేజ్ పెట్టండి, ఇద్దరు ముగ్గురు ఫార్వార్డర్ల దగ్గర రేటు రాయించి పంపిస్తాను.

ఫ్రిస్కో_తెనాలి
హ్యూస్టన్ గారూ, మెసేజ్ పెట్టాను చూడండి. చెల్లి శనివారం టేపు తీసుకుని పెట్టెలు కొలుస్తానంది, అదే రోజు మీ వాళ్ళు గుంటూరులో కూడా కొలిస్తే ఆదివారానికి రెండు జాబితాలూ కార్గో అన్నకి పంపేద్దాం.